ఇనుప పడవకు పాదాది కేశాంత స్తుతి

దేవుణ్ణి పొగిడేటప్పుడు పాదాల నుంచి పైకి, మనిషిని పొగిడేటప్పుడు తల నుంచి కిందికి రావాలని మన పాత కవుల కట్టుబాటు. ఇంగ్లండు కాలువల మీద తిరిగే సన్నని పడవా, ఓ నారోబోటూ, నువ్వు ఈ రెండు జాతుల్లో దేనిలోకీ రావు. టన్నుల కొద్దీ ఉక్కు, లోపల చెక్క పని, వెనక ఒక డీజిల్ ఇంజను, మూల ఒక బొగ్గుల పొయ్యి, అంతే నువ్వు. అయినా నీ స్తుతి పాదాల దగ్గరే మొదలుపెడతాను. నిన్ను కొనదలచినవాడు ముందు చూడాల్సింది అక్కడే కనక. కొత్త రంగు, లేసు తెరలు, ఇత్తడి తళుకులు చూసి మనసిచ్చేసి, నీళ్ళ అడుగున ఏముందో చూడకుండా డబ్బు కట్టేసినవాళ్ళ నిట్టూర్పులు ఆ గట్ల వెంట చాలానే వినబడతాయి. నీ మీద పాడినవాళ్ళు పొగమంచునూ హంసలనూ తనివితీరా పాడేశారు. నాకు తారూ గ్రీజూ మిగిలాయి. వాటినే పాడతాను.

నీ పాదాలకు దండం. 10 మిల్లీమీటర్ల అడుగు రేకు, 6 మిల్లీమీటర్ల పక్కలు, 4 మిల్లీమీటర్ల కప్పు. పది, ఆరు, నాలుగు అని మూడు అంకెల్లో నీ జాతకం చెప్పేస్తారు నిన్ను కట్టేవాళ్ళు. కొనే ముందు నిన్ను నీళ్ళలోంచి పైకి తీయించాలి. సర్వేయరు వచ్చి సుత్తితో తట్టి, అల్ట్రాసౌండ్ మీటరు ఆనించి, ఎక్కడెంత మందం మిగిలిందో జానెడు జానెడుకీ రాసుకుంటాడు. నీ పక్కలు 4 మిల్లీమీటర్ల కంటే పలచబడ్డాయంటే బీమా కంపెనీ మొహం తిప్పుకుంటుంది. నీళ్ళు నిన్ను మోస్తాయి, మోస్తూనే కొరుక్కు తింటాయి. అందుకే రెండు మూడేళ్ళకోసారి నిన్ను గట్టెక్కించి, పాచీ గుల్లలూ గీకి, నీటి గీత దాకా నల్లటి తారు పూత పూయాలి. నీ ముక్కు దగ్గరా తోక దగ్గరా మెగ్నీషియం దిమ్మలు అతికిస్తారు. తుప్పు నీ మీద పడబోయి ముందు వాటిని తింటుంది. నీకోసం కరిగిపోవడమే వాటి ఉద్యోగం. చాలావరకు కరిగాక కొత్తవి వస్తాయి.

చెక్క నేల కింద, ఎవరూ చూడని చోట, నీ కడుపు నిండా బండలో ఇటుకలో పరిచి ఉంటాయి. ఆ బరువు లేకపోతే నువ్వు నిలకడగా ఉండవు. నీళ్ళ ట్యాంకు ముక్కు వైపు ఉంటే అది నిండిననాడు ముందుకు వంగుతావు, ఖాళీ అయిననాడు తలెత్తుతావు. స్నానాలకు ఎన్ని నీళ్ళు వాడారో గట్టు మీద నిలబడి నీ ఒరుగు చూసి చెప్పగల ముసలివాళ్ళున్నారు.

ఇక నీ నడుముకు దండం. నాయిక నడుము ఉందో లేదో తెలియడం లేదని మన కవులు పద్యాలకు పద్యాలు సందేహపడ్డారు. నీ విషయంలో సందేహానికి తావే లేదు, టేపు పెట్టి కొలవచ్చు. 6 అడుగుల 10 అంగుళాలు. ఈ సన్నదనం వెనక ఉన్నది 18వ శతాబ్దపు లెక్క. జేమ్స్ బ్రిండ్లీ అని మిల్లులు బాగుచేసే పనివాడు, చదువు అంతంతమాత్రం, చిక్కు ప్రశ్న ఎదురైతే మంచం ఎక్కి పడుకుని ఆలోచించేవాడట. వర్స్‌లీ బొగ్గు గనుల నుంచి మాంచెస్టరుకు 1761లో తెరిచిన బ్రిడ్జ్‌వాటర్ కాలువ పని ఆయన చేతుల మీదుగా నడిచింది. ఊళ్ళో బొగ్గు ధర సగానికి పడిపోయింది. ఆ తర్వాత ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు లాకులు గీసేటప్పుడు వాటిని దాదాపు 7 అడుగుల వెడల్పుకు కుదించాడు. తవ్వాల్సిన కొండా తగ్గుతుంది, ఖర్చయ్యే నీరూ తగ్గుతుంది. ఇలాంటి చిన్న లాకు ఒక్కసారి నిండాలంటేనే లక్ష లీటర్లకు పైగా కావాలి, అదంతా ఎత్తున ఉన్న చెరువుల్లోంచి దిగిరావాలి. బ్రిండ్లీ 1772లో పోయాడు, కాలువ 1777లో పూర్తయింది. కొలత మాత్రం అలాగే నిలబడిపోయింది. ఈనాడు ఏ కార్ఖానాలో నిన్ను వెల్డింగు చేస్తున్నా నీ నడుము చుట్టూ ఉన్నది ఆయన కట్టిన మొలతాడే.

పొడవులో మాత్రం నీకు స్వేచ్ఛ ఉంది. 70 అడుగుల దాకా సాగవచ్చు. కానీ ఉత్తరాన కొన్ని లాకులు పొట్టివి. దేశమంతా తిరగాలనుకునేవాళ్ళు 57 అడుగుల దగ్గర ఆగుతారు. అన్ని తలుపులూ తెరుచుకోవాలంటే కాస్త పొట్టిగా పుట్టడమే మేలు.

ఆ పొడవులో ఒకదాని వెనక ఒకటిగా ఇల్లంతా ఉంటుంది: కూర్చునే చోటు, పొయ్యి, వంట, స్నానం, పడక, ఇంజను. ఒకరు నడుస్తుంటే ఇంకొకరు గోడకు అతుక్కోవాలి. కోపమొచ్చి విసురుగా వెళ్ళిపోవడానికి గది ఉండదు, పక్కవాటుగా జరుగుతూ వెళ్ళాలి, ఈలోగా కోపం సగం చల్లారుతుంది. ఇదీ ఇరుకేనా అంటుంది నీ ముత్తవ్వ. రైలు పోటీకి కూలి గిట్టక, గట్టు మీద ఇల్లు వదిలి పెళ్ళాం బిడ్డలతో పడవలోకే చేరిన సరుకు పడవల వాళ్ళు వెనకవైపు 10 అడుగుల గూట్లో సంసారం చేశారు. మిగతా పడవంతా బొగ్గుకే, కుండల మట్టికే. ఆ గూటి తలుపుల మీద గులాబీలు, ఎక్కడా కనబడని కోటలు వేసుకున్నారు. నీళ్ళ బిందె మీదా అవే పువ్వులు. నీ తలుపు మీది గులాబీ ఆ ఇరుకులోంచి వచ్చింది. దాన్ని స్టిక్కరుగా కొనుక్కొచ్చి అతికించేవాళ్ళంటే నాకు పడదు, చెప్పేస్తున్నాను.

నీ హృదయానికి, అంటే ఇంజనుకు, దండం. అది నిన్ను నడపడమే కాదు, తిరుగుతూ తిరుగుతూ బ్యాటరీలు నింపుతుంది, స్నానానికి నీళ్ళు కాస్తుంది. నీకు వేరే రేడియేటరు అక్కర్లేదు. నీ పక్క రేకుకు ఆనించిన తొట్టిలో వేడి నీరు తిరిగి, కాలువ చల్లదనానికి చల్లారి వెనక్కి వస్తుంది. కట్టేసి ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజను ఆడించకూడదు, పక్క పడవల వాళ్ళు నిద్రపోవాలి. కప్పు మీద సోలార్ పలకలు వేసవిలో ధారాళంగా ఇస్తాయి, డిసెంబరులో ఏదో మొక్కుబడిగా. సీసపు బ్యాటరీని సగానికి మించి పిండితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకని పడవవాడు మనం గడియారం చూసినన్నిసార్లు వోల్టు మీటరు చూస్తాడు. గట్టు మీద కరెంటు వాడుకుంటాం, పడవ మీద కరెంటు పండించుకుంటాం.

సాయంత్రం తాళ్ళు కట్టేశాక ఒక సేవ మిగిలి ఉంటుంది. ప్రొపెల్లరు ఇరుసు నీ ఒంట్లోంచి నీళ్ళలోకి పోయే సందు దగ్గర గ్రీజు డబ్బా ఉంటుంది. దాని పిడి ఒకటి రెండు చుట్లు బిగించాలి. చుక్కలు పడడం ఆగాలి. మర్చిపోయి పడుకున్నవాడికి తెల్లారేసరికి అడుగు గదిలో నీటిమట్టం జాగ్రత్తలు నేర్పుతుంది. ఇక ప్రొపెల్లరుకు ఏదైనా చుట్టుకుంటే, ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని (ఇది మర్చిపోయేవాడికి వేళ్ళు మిగలవు), వెనక మూత విప్పి, మంచునీళ్ళలోకి భుజం దాకా చెయ్యి పెట్టాలి. ప్లాస్టిక్ సంచులు, చేపల గాలపు దారం, ముళ్ళ తీగ, పరుపు స్ప్రింగులు, ఎవరివో ప్యాంట్లు. ఊరు పారేసినదంతా నీ కాళ్ళకే చుట్టుకుంటుంది. పని అయ్యాక మూత సరిగ్గా బిగించకపోతే నీళ్ళు తన్నుకొచ్చి మునిగిపోతావు.

మరుగుదొడ్డి సంగతి స్తుతిలో ఎందుకంటారా? నీ భక్తులు ఇద్దరు ఎక్కడ కలిసినా పది నిమిషాల్లో మాట అక్కడికే వస్తుంది. పెద్ద ట్యాంకు పెట్టించి నెలకోసారి పంపుతో తోడించేవాళ్ళు ఒక వర్గం, పెట్టెలాంటి క్యాసెట్టును చేత్తో మోసుకెళ్ళి గట్టు మీది గదిలో కుమ్మరించేవాళ్ళు ఇంకో వర్గం. శైవ వైష్ణవ వాదాలు చల్లారాయేమో గాని ఇది చల్లారలేదు. ఈ మధ్య ఎరువు చేసుకునే మూడో మతం కూడా పుట్టింది. నేను క్యాసెట్టు వాణ్ణి. కాలువ గడ్డకట్టి పడవ కదలకపోయినా దాన్ని చేతిబండి మీద పెట్టుకుని నడిచిపోవచ్చు. గట్టు మీద అలాంటి గదులకు, నీళ్ళ కొళాయిలకు దేశమంతా ఒకటే తాళం చెవి. నీ యజమాని ఆస్తిలో ఇంటి తాళం కంటే విలువైనది అదే, దానికి బెండు ముక్క కట్టాలి, నీళ్ళలో పడినా తేలడానికి.

నీ పొయ్యికి దండం. అరచేతి వెడల్పు గాజు తలుపు వెనక పొగలేని బొగ్గు రాత్రంతా కునికిపాట్లు పడుతూ కాలాలి. గాలి సందు ఎంత తెరవాలో వెంట్రుక వాసిలో ఉంటుంది. ఎక్కువైతే అర్ధరాత్రికే బూడిద, తక్కువైతే తెల్లారేసరికి చల్లని ఇనుము. పక్కన కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి, 2019 నుంచి అది నిబంధన కూడా. నాలుగేళ్ళకోసారి వచ్చే భద్రతా తనిఖీ వాడు ముందు దానికోసమే చూస్తాడు, తర్వాత ముక్కు దగ్గరి గ్యాసు గది కింద రంధ్రాలున్నాయో లేదో చూస్తాడు. గ్యాసు గాలికంటే బరువు. కారితే కిందికి దిగి బయటికి పోయే దారి ఉండాలి, లేకపోతే నీ కడుపులో చేరుతుంది. బొగ్గు, గ్యాసు, డీజిల్ అమ్ముకుంటూ పాత సరుకు పడవలే తిరుగుతుంటాయి. చలికాలంలో వాటి ఇంజను చప్పుడు మలుపు అవతల వినబడితే పడవల్లోంచి తలలు బయటికొస్తాయి.

కేశాంతం అన్నాను, నీ తల మీది పొగగొట్టానికి దండం పెట్టి అక్కడితో ఆగాలి. దానికి ఇత్తడి కడియాలుంటాయి, చిన్న గొలుసూ ఉంటుంది. గొలుసు అందానికని అనుకునేరు. తక్కువ ఎత్తు వంతెన కింద తల వంచడం మర్చిపోతే గొట్టం ఊడి నీళ్ళలో పడకుండా ఉండడానికి.

కానీ నువ్వు కదిలితే వరసలన్నీ తప్పుతాయి. కొత్తవాడు చుక్కాని కర్ర కుడికి నెట్టి, నీ ముక్కు ఎడమకు పోతుంటే బిత్తరపోతాడు. నువ్వు ముందు చక్రాలతో తిరిగే బండివి కావు, నడుము దగ్గర తిరుగుతావు, ముక్కు ఒకవైపు పోతే తోక ఇంకోవైపు ఊడుస్తుంది. నీకు బ్రేకులు లేవు. వెనక్కి తిప్పితే నెమ్మదిస్తావు గాని, ఆ కాసేపు చుక్కాని మాట వినవు. అడుగు చదును, నీళ్ళలో మునిగేది 2 అడుగులే, గాలి వీస్తే పక్కకు జారిపోతావు. గంటకు 4 మైళ్ళు మించరాదని నియమం. నీ వెనక అల గట్టును తాకి విరుగుతోందంటే అప్పుడే ఎక్కువైందని అర్థం. కట్టేసిన పడవలు కనబడితే ఇంకా తగ్గాలి, లేకపోతే వాళ్ళ మేకులు ఊడొస్తాయి, టీ కప్పులు ఒలికిపోతాయి, ఆ తర్వాత వినబడే మాటలు స్తుతిలో రాయదగ్గవి కావు. దేశమంతా ఎడమ పక్క నడిస్తే నీళ్ళ మీద మాత్రం కుడి పక్కకు తప్పుకోవాలి. ప్రయాణం ఎంతసేపంటే మైళ్ళూ లాకులూ కలిపి 3తో భాగిస్తే సుమారుగా గంటలు వస్తాయి. గట్టు మీద కుక్కతో నడిచేవాడు నిన్ను దాటిపోతాడు, ముందు వంతెన దగ్గర ఆగి నీకోసం చెయ్యి ఊపుతాడు.

లాకు. ఇక్కడ కాస్త ఆగుతాను, ధవళేశ్వరం వైపు నుంచి వచ్చినవాణ్ణి కనక ఆగకుండా పోలేను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టాక గోదావరి కాలువలు పైరుకు నీళ్ళిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. దేశానికి రైలు కంటే పడవ కాలువే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ లాకుల్లో పడవలు ఎక్కి దిగాయి. ఇంగ్లండులో గుర్రం లాగితే, మా దగ్గర మనుషులే భుజాన తాడు వేసుకుని గట్టు వెంట నడిచారు. ఇప్పుడు మా లాకులు చాలావాటికి పని లేదు. నీ లాకులకు ఉంది.

పైకెక్కాలంటే ముందు లాకు ఖాళీ అవ్వాలి. కింది తలుపులు తెరిచి నిన్ను ఆ తడి రాతి గోడల మధ్యకు తోలుతారు, అటూ ఇటూ అంగుళం సందు. తలుపులు మూసి, కింది తూములు దించి, విండ్లస్ అనే ఇనుప పిడితో పై తూము మెల్లగా ఎత్తాలి. మెల్లగానే. తొందరపడితే నీళ్ళు నిన్ను ముందుకూ వెనక్కీ విసిరికొడతాయి. పిడిని ఇరుసు మీద వదిలేసి చెయ్యి తీయకూడదు, పట్టీ జారితే అది గిర్రున తిరిగి మణికట్టు విరిచేస్తుంది. నీళ్ళు సమానమయ్యాక ఆ పెద్ద తలుపు, అప్పటిదాకా ఏనుగు తోసినా కదలనిది, నడుము ఆనించి వెనక్కి నడిస్తే తెరుచుకుంటుంది. బలంతో పని లేదు, వేచి ఉండాలి. దిగేటప్పుడు అసలు భయం: పై తలుపు కింద రాతి గుమ్మం నీళ్ళలో దాక్కుని ఉంటుంది. దాని హద్దుకు తెల్ల గీత గీసి ఉంటుంది. నీ తోక ఆ గీత వెనక ఉండిపోతే, నీళ్ళు దిగుతుంటే వెనక భాగం గుమ్మం మీద కూర్చుని, ముక్కు కిందికి జారి, నిమిషాల్లో మునుగుతావు. లాకులో తాళ్ళు బిగించి కట్టరు, చేత్తో వదులుగా పట్టుకుంటారు. ఇదంతా గాంగూజ్లర్లు, అంటే పనిలేక వింత చూసే జనం, ఐస్‌క్రీము తింటూ చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే విండ్లస్ నీళ్ళలో పడుతుంది. దాన్ని పడెయ్యని పడవవాడు లేడు. అల్యూమినియం విండ్లస్ చేతికి తేలిక, కానీ తాడు కట్టిన అయస్కాంతానికి అంటదు. ఇనుపది కొనుక్కోండి.

సొరంగాలు, నీటి వంతెనలు కూడా నీ దారిలోవే. హేర్‌కాసిల్ కొండ కింద బ్రిండ్లీ తవ్వించిన సొరంగంలో గట్టు లేదు. గుర్రాన్ని కొండ మీదుగా నడిపించి, మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని గోడల మీద కాళ్ళతో నడిచి పడవను తోసేవారు, మూడు గంటల దాకా. 1827కల్లా టెల్ఫర్డ్ అనే ఇంజనీరు పక్కనే ఇంకోటి తవ్వాడు, ఇప్పుడు నువ్వు పోయేది అందులోనే. అక్కడి నీళ్ళు ఇనుప ఖనిజం కలిసి కాషాయం రంగులో ఉంటాయి. వేల్స్‌లో పాంట్‌కిసిల్తే దగ్గర డీ నదికి 126 అడుగుల ఎత్తున ఇనుప తొట్టిలో తేలుతావు. 1805 నాటిది. తొట్టి అతుకుల్లో చక్కెర పాకంలో ముంచిన ఫ్లానెల్ గుడ్డ కుక్కారంటారు. గట్టు వైపు కటకటాలున్నాయి, రెండో వైపు కొద్ది అంగుళాల ఇనుప అంచు, ఆ తర్వాత గాలి. పి.గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడక్టు చూసినవాణ్ణి, నది మీద నది నాకు కొత్త కాదు. అయినా ఆ రెండో వైపు నిలబడి చూడలేదు.

నిన్ను ఉంచుకోవడానికి, కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్టుకు లైసెన్సు కట్టాలి, పొడవును బట్టి, వెడల్పును బట్టి. సొంత రేవు ఉంటే రేవు అద్దె. లేకపోతే 1995 చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకు మించి ఉండకుండా తిరుగుతూ ఉండాలి. ఇల్లు లేనివాణ్ణి కదలకు అంటే అర్థం చేసుకోవచ్చు, ఈ చట్టం కదలకపోతే తప్పంటుంది. 2024 నుంచి అలా తిరిగేవాళ్ళు అదనంగా కట్టాలి. పిల్లల బడి, ఆసుపత్రి అపాయింట్‌మెంటు, ఉద్యోగం ఒక ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ 14వ రోజు ఎంత తొందరగా వస్తుందో లండన్ కాలువల్లో అడిగితే చెబుతారు. నిన్ను స్వేచ్ఛ అని అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

అసలు నువ్వు మిగలడమే పెద్ద మాట. 1962-63 చలికాలం కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి, సరుకు రవాణా చాలావరకు దాంతోనే ముగిసింది. కానీ అంతకుముందే నీ పక్షాన ఒక గొంతు లేచింది. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు, భార్య ఏంజెలాతో, క్రెస్సీ అనే పడవలో 1941 నుంచి 1946 దాకా టార్డెబిగ్ దగ్గర కాపురముండి, 1944లో ‘నారో బోట్’ అనే పుస్తకం అచ్చు వేయించాడు. అది చదివి రాబర్ట్ ఐక్‌మన్ అనే ఆయన వెతుక్కుంటూ ఆ పడవకే వచ్చాడు. 1946లో కాలువల రక్షణకు సంఘం పుట్టింది. తర్వాత ఇద్దరికీ చెడింది, 1951లో రోల్ట్‌ను సంఘంలోంచి తీసేశారు. మనవాళ్ళ సంఘాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. తగాదాపడ్డవాళ్ళిద్దరూ లేకపోతే ఈ లాకుల్లో ఇవాళ తుంగ మొలిచి ఉండేది.

ఆ టార్డెబిగ్ మెట్ల మీదే ఉన్నాం ఇప్పుడు. వరసగా 30 లాకులు, 220 అడుగుల ఎక్కుడు, పైన చివరిది అన్నింటికంటే లోతు. సరే, పొగడ్త ఆపుతాను. కింది తలుపులు మూశాను, తూములు దించాను, తాడు వదులుగానే ఉంది. పైనుంచి ఏదైనా పడవ దిగుతోందేమో మలుపు దాకా నడిచి చూసొస్తాను. ఉంటే పై లాకు ఖాళీ చెయ్యకుండా వాళ్ళకే వదిలేద్దాం, ఒక నిండు లాకు నీళ్ళు మిగులుతాయి. వాళ్ళు దిగితే తలుపులు మనకు తెరిచే ఉంటాయి.